ఎగ్జిబిషన్ హాల్లో మోడల్స్‌ని ఫొటో తీయడం ఎలా: బ్యాగు సర్దుకోవడం నుంచి ఫొటో పంపేదాకా

స్టూడియోలో లైటు మన చేతిలో ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ మన చేతిలో ఉంటుంది, మోడల్ టైమ్ కూడా మనదే. ఎగ్జిబిషన్ హాల్లో ఈ మూడూ మనవి కావు. లైట్లు స్టాల్ కట్టినవాళ్ళవి. వెనకాల ఫ్లెక్సీ ఒకరిది, పక్కన స్టాండీ ఇంకొకరిది, తల మీద ఎగ్జిట్ బోర్డు హాలు వాళ్ళది. మోడల్ వచ్చింది కంపెనీ పని మీద, మన కోసం కాదు. ఇక మనకి మిగిలేది ఒక్కటే, ఎక్కడ నిలబడాలి అన్నది. కొత్తవాళ్ళు లెన్సుల మీద నెలల తరబడి వీడియోలు చూస్తారు గానీ దీని గురించి పెద్దగా ఆలోచించరు. లెన్సులూ సెట్టింగులూ కూడా చెబుతాను. కానీ ఫొటో బాగుపడేది చాలాసార్లు రెండు అడుగులు పక్కకి జరిగినప్పుడే.

ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌వే ఇస్తున్నాను. లైట్ల సంగతీ మర్యాదల సంగతీ విజయవాడ, విశాఖ హాళ్ళలోనూ ఇంతే.

ఏ ఈవెంట్‌తో మొదలుపెట్టాలి

హైదరాబాద్‌లో ఇలాంటివి ఎక్కువగా జరిగేది హైటెక్స్ హాళ్ళలో, ఆ పక్కనే ఉన్న నోవోటెల్ హెచ్‌ఐసీసీలో, బంజారాహిల్స్ తాజ్ కృష్ణ లాంటి హోటళ్ళ బ్యాంక్వెట్ హాళ్ళలో. డిజైనర్ చీరలు, నగలు, పెళ్ళి బట్టలు, కార్లు, బైకులు, ఇంటీరియర్లు, అన్నీ వస్తాయి. మోడల్స్ కనిపించే సందర్భాలు మాత్రం నాలుగు రకాలు. ఎగ్జిబిషన్‌కి ముందు ప్రెస్ కోసం పెట్టే కర్టెన్ రైజర్ ఒకటి. స్టాల్లో నిలబడి వస్తువు చూపించే మోడల్స్ రెండోది. సాయంత్రం ర్యాంప్ వాక్ మూడోది. కామిక్ కాన్ లాంటి చోట వేషాలు కట్టి వచ్చే కాస్‌ప్లేయర్లు నాలుగోది. వాళ్ళు వృత్తి మోడల్స్ కారు, కానీ ఫొటోకి నిలబడటం వాళ్ళకి సరదా.

నన్నడిగితే కాస్‌ప్లేతో మొదలుపెట్టమంటాను. హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్‌కి వెళ్తే, కష్టపడి కుట్టించుకున్న వేషాన్ని ఎవరైనా ఫొటో తీస్తే బాగుండునని ఎదురుచూసేవాళ్ళు కనిపిస్తారు. అడిగితే చాలామంది కాదనరు, తొందరపెట్టరు. అక్కడ చేయి తిరిగాక స్టాల్ మోడల్స్ దగ్గరికి వెళ్ళండి. ర్యాంప్ వాక్ చివరికి ఉంచుకోండి, అక్కడ మనిషీ ఆగదు, లైటూ ఆగదు.

టికెట్ ఉన్నంత మాత్రాన కెమెరాకి అనుమతి ఉన్నట్టు కాదు. ఫోన్‌తో తీస్తే ఎవరూ పట్టించుకోని చోట కూడా పెద్ద లెన్సు చూడగానే సెక్యూరిటీ ఆపుతాడు. ముందుగానే నిర్వాహకులకి ఒక మెయిల్ పెట్టి, కెమెరా తేవచ్చా, ఫ్లాష్ వాడొచ్చా అని అడిగి ఆ జవాబు ఫోన్‌లో ఉంచుకోండి. నగల స్టాళ్ళలో డిజైన్లు కాపీ కొడతారన్న భయం ఎక్కువ. అక్కడ మోడల్‌ని అడగడమే కాదు, కౌంటర్ దగ్గరున్నాయన్ని కూడా అడగాలి. ట్రైపాడ్ వద్దు, దారిలో నలుగురి కాళ్ళకి అడ్డం.

వెళ్ళే టైమ్ కూడా ముఖ్యమే. శని, ఆదివారాల సాయంత్రం జనం తోసుకుంటూ ఉంటారు. మామూలు రోజున తలుపులు తీసిన మొదటి గంటా రెండు గంటల్లో మేకప్ తాజాగా ఉంటుంది, మోడల్‌కి ఓపిక ఉంటుంది, వెనకాల జనం ఉండరు.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి

క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు. ఇంతే, మొదలుపెట్టడానికి ఇది చాలు. నికాన్, సోనీ క్రాప్ కెమెరాల మీద ఆ లెన్సు 75 ఎంఎం లాగా, కెనాన్ మీద 80 ఎంఎం లాగా చూస్తుంది. పోర్ట్రెయిట్‌కి చక్కటి దూరం. కెమెరాతో వచ్చే కిట్ లెన్సుని 55 ఎంఎం దాకా లాగితే దాని అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గే కొద్దీ పెద్దది) ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు. ఎఫ్ 1.8తో పోలిస్తే లోపలికి వచ్చే వెలుగు సుమారు పదో వంతు. హాల్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఒక్క లెన్సుతోనే ఫుల్ లెంగ్తూ క్లోజప్పూ రెండూ కావాలంటే 17-50 లేదా 17-70 ఎంఎం ఎఫ్ 2.8 జూమ్ తీసుకోండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా ఉన్నవాళ్ళకి 24-70, ర్యాంప్‌కి 70-200. కొనేముందు ఒకరోజు అద్దెకి తెచ్చి చూసుకోవడం మంచిది.

ఇవి కాక రెండో బ్యాటరీ, ఒక గ్రే కార్డు (రంగులు సరిచూసుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట), లెన్సు తుడిచే గుడ్డ. బ్యాగు చిన్నదిగా ఉండాలి. వీపు మీద పెద్ద బ్యాగుతో వెనక్కి తిరిగితే పక్క స్టాల్లో బొమ్మకి కట్టిన చీర ఊడి వస్తుంది.

హాల్లోకి వెళ్ళాక మొదటి పావుగంట: కెమెరా తీయకండి

ముందు ఒక చుట్టు తిరిగి వెలుగు ఎలా ఉందో చూడాలి. చూడాల్సినవి మూడు: వెలుగు ఎటు నుంచి పడుతోంది, ఏ రంగులో ఉంది, మిణుకుతోందా.

మొదట దిక్కు. ఎగ్జిబిషన్ హాళ్ళలో పెద్ద లైట్లు ఎక్కడో పైకప్పుకి ఉంటాయి. వెలుగు మిట్టమధ్యాహ్నపు ఎండలా నడినెత్తి మీద పడుతుంది. కళ్ళ గుంటల్లో నల్లటి నీడ, ముక్కు కింద నీడ, గడ్డం కింద నీడ. ఎంత అందమైన ముఖమైనా అలసిపోయినట్టు కనిపిస్తుంది. స్టాల్ వాళ్ళు ముందు వైపు నుంచి వేసుకున్న స్పాట్ లైట్లు మాత్రం ఏటవాలుగా పడతాయి, మనకి కావాల్సింది అదే.

దీన్ని తేల్చుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. మోడల్ నిలబడే చోటికి దగ్గర్లో మీ పిడికిలి ముఖం ఎత్తున చాచి పట్టుకోండి. నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ దాన్నే చూడండి. ఒక దిక్కున వేళ్ళ కణుపుల కింద నీడ నల్లగా, పొడుగ్గా దిగుతుంది. ఇంకొంచెం తిరిగితే అదే నీడ పలచబడి పక్కకి ఒదుగుతుంది, చర్మం మీద వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. పిడికిలి బాగా కనిపించినప్పుడు మీరున్న వైపుకి మోడల్ ముఖం తిప్పితే ఆమె కూడా బాగుంటుంది. మీరు నిలబడాల్సింది ఆ ముఖానికి ఎదురుగా. తెల్లటి కౌంటర్, తెల్లటి టైల్స్ వేసిన ప్లాట్‌ఫామ్, లేత రంగు కారు బానెట్ దగ్గర్లో ఉంటే అదృష్టమే. కింద పడిన వెలుగు తిరిగి ముఖం మీదకి లేచి కళ్ళ కింద నీడని తగ్గిస్తుంది. రిఫ్లెక్టర్ కొనక్కర్లేదు.

తర్వాత రంగు. స్టాల్లో పసుపు లైటు, పైకప్పు నుంచి తెల్ల లైటు, పక్కన ఎల్‌ఈడీ స్క్రీన్ నుంచి నీలం, ఎదురు స్టాల్ నుంచి గులాబీ. లైటు రంగుని సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలో పెడితే ఒక్కో ఫ్రేమ్ ఒక్కో రంగులో వస్తుంది. కెమెరా బయటికి తీశాక ముందుగా మోడల్ నిలబడే చోట గ్రే కార్డు పెట్టి ఒక ఫొటో తీసి, దాంతో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ సెట్ చేయండి. స్టాల్ మారితే మళ్ళీ చేయాలి. అయితే ముఖంలో సగం పసుపు, సగం నీలం పడితే ఏ సెట్టింగూ కాపాడదు. ఒక లైటే ముఖం మీద పెత్తనం చేసేలా, స్క్రీన్ వెలుగు చెంపకి తగలని వైపుకి మీరు జరగాలి, లేదా ఆమెని ఒక అడుగు ముందుకి రమ్మనాలి.

ఇక మిణుకు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ఈ కరెంటు మీద నడిచే ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్‌ని సెకనులో 1/250 వంతుకి పెట్టి వరసగా పది తీసి చూడండి. కొన్ని మామూలుగా, కొన్ని చీకటిగా, కొన్ని అడ్డచారలతో వస్తాయి. షట్టర్ 1/100 లేదా 1/50 పెడితే ప్రతి ఫ్రేమ్‌లోనూ పూర్తి మిణుకు పడుతుంది కాబట్టి వెలుగు సమానంగా ఉంటుంది. అమెరికాలో తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల సభల్లో చీరల స్టాళ్ళ దగ్గర తీసేవాళ్ళయితే అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి 1/60 లేదా 1/125 వాడాలి.

మీ కెమెరా మెనూలో యాంటీ ఫ్లికర్ ఉందేమో చూడండి. కెనాన్ 2014లో వచ్చిన 7డీ మార్క్ 2లో దీన్ని తెచ్చింది, తర్వాత నికాన్, సోనీ కూడా ఇచ్చాయి. మిణుకులో వెలుగు ఎక్కువగా ఉన్న క్షణం కోసం ఆగి క్లిక్ చేస్తుంది. చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్‌ని మాత్రం హాల్లో నమ్మకండి. చాలా కెమెరాల్లో సెన్సర్ వరసలు వరసలుగా చదవబడుతుంది, ఆ లోపు లైటు వెలిగి తగ్గుతుంది కాబట్టి చారలు వస్తాయి. ఏ స్టాల్లో మిణుకు ఉందో ముందే తెలియాలంటే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూడండి, లైట్లు దపదపమని కొట్టుకుంటూ కనిపిస్తాయి. పెద్ద ఎల్‌ఈడీ గోడల మిణుకు లెక్క వేరే. అక్కడ 1/100తో కూడా చారలు వస్తే షట్టర్‌ని ఒక మెట్టు కిందకీ పైకీ మార్చి చూడాలి. అప్పటికీ పోకపోతే ఆ గోడ ఫ్రేమ్‌లోకి రాని చోటు వెతుక్కోవాలి.

సెట్టింగులు

కెమెరాని ఎం మోడ్‌లో (అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్‌లో) పెట్టండి. అపెర్చర్ ఎఫ్ 2.8, షట్టర్ 1/100, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600. ఇక్కడ మొదలుపెట్టి ఒకటి తీసి చూసి, ఐఎస్ఓని 800 నుంచి 3200 మధ్యలో సరిచేసుకోండి. చాలా స్టాళ్ళకి ఈ పరిధి సరిపోతుంది. ఐఎస్ఓ పెరిగితే నాయిస్ (గింజలు గింజలుగా కనిపించడం) వస్తుందని భయపడి 1/30లో తీసేవాళ్ళు ఉన్నారు. నాయిస్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, షేక్ అయిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు. స్టెబిలైజర్ ఉంది కదా అనుకోకండి, అది మన చేతి వణుకునే ఆపుతుంది, ఆమె తల తిప్పడాన్ని ఆపదు.

ఆటో ఐఎస్ఓ పెట్టకండి. ఎందుకంటే, మోడల్ వెనక ఎల్‌ఈడీ గోడ ఉంటే కెమెరా ఆ వెలుగు చూసి మోసపోయి ముఖాన్ని చీకటి చేస్తుంది. ఆమె అడుగు పక్కకి వేసి నల్లటి కర్టెన్ ముందుకి వస్తే ముఖం తెల్లగా మాడిపోతుంది. ముఖం మీద పడే వెలుగు మారనప్పుడు సెట్టింగ్ మారాల్సిన పనేముంది? స్టాల్‌కి ఒకసారి ముఖాన్ని చూసి సెట్ చేసి వదిలేయడమే. ఇంకో మాట, మోడల్ తెల్లగా కనిపించాలని ఎక్స్‌పోజర్ పెంచే అలవాటు మన ఫంక్షన్ ఫొటోల నుంచి వచ్చింది. చామనఛాయ ముఖాన్ని చామనఛాయగానే తీయండి. పెంచితే నుదుటి మీదా ముక్కు మీదా మెరుపు మాడిపోతుంది, మేకప్ పొడి పొడిగా బయటపడుతుంది.

అపెర్చర్ పూర్తిగా తెరిచేయాలన్న మోజు కూడా తగ్గించుకోవాలి. ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎంఎం లెన్సుని ఎఫ్ 1.8లో పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లు. ముఖం కాస్త పక్కకి తిరిగి ఉంటే దగ్గరి కన్ను షార్ప్‌గా ఉంటుంది, చెవి బుట్టా రెండో కన్నూ మసకబారతాయి. నగ కోసమే నిలబెట్టిన మోడల్‌ని అలా తీస్తే స్టాల్ వాళ్ళకి ఆ ఫొటో ఎందుకూ పనికిరాదు. ఎఫ్ 2.8 దగ్గర అది 9 సెంటీమీటర్లు అవుతుంది. ఇద్దరు పక్కపక్కన నిలబడితే ఎఫ్ 4 లేదా 5.6కి వెళ్ళాలి.

ఫోకస్‌ని కంటిన్యూయస్‌లో ఉంచండి. కంటిని తానే పట్టుకునే ఐ ఫోకస్ ఉంటే వాడండి, కాకపోతే జనంలో అది ఎవరి కన్నునో పట్టుకుని కూర్చుంటుంది, ఫ్రేమ్‌లో ఆ చిన్న డబ్బా ఎవరి మీద ఉందో చూసి నొక్కాలి. పాత డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఒక్క పాయింట్ ఎంచుకుని, మనకి దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. రెప్పలు పడటం మామూలే కాబట్టి ఒక్కో పోజుకి మూడేసి తీయండి. ముప్ఫై తీయక్కర్లేదు.

ఎక్కడ నిలబడాలి

ముందు దూరం. రెండు మీటర్ల కన్నా దగ్గరికి వెళ్ళకండి. దగ్గరికి వెళ్ళి వైడ్ లెన్సుతో తీస్తే ముక్కు పెద్దదవుతుంది, ఫ్రేమ్ అంచున ఉన్న చేయి సాగిపోతుంది. పైగా ఆమెకి ఇబ్బంది.

తర్వాత ఎత్తు. ఫుల్ లెంగ్త్ అయితే కెమెరా ఆమె నడుము ఎత్తున ఉండాలి, మిడ్ షాట్‌కి (నడుము దాకా తీసేదానికి) ఛాతీ ఎత్తున, క్లోజప్‌కి కంటి ఎత్తున. చాలామంది అన్నీ తమ కంటి ఎత్తు నుంచే తీస్తారు. అందుకే ఫుల్ లెంగ్త్‌లో కాళ్ళు పొట్టిగా, తల పెద్దదిగా వస్తుంది. కాస్త మోకాళ్ళు వంచాలి. స్టాల్ ప్లాట్‌ఫామ్ ఎత్తుగా ఉంటే దగ్గర నిలబడి కింద నుంచి తీయకండి, గడ్డం, ముక్కు రంధ్రాలే కనిపిస్తాయి. పొట్టి బట్టలు వేసుకున్న మోడల్‌ని కింద నుంచి తీయడం అసభ్యం కూడా. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి జూమ్ చేయండి.

ఇప్పుడు వెనకాల. ఆమె తల వెనక ఏముందో చూడకుండా క్లిక్ చేయకూడదు. పచ్చటి ఎగ్జిట్ బోర్డు, తలలోంచి మొలిచినట్టుండే ట్యూబ్‌లైటు, ఫోన్ చూసుకుంటున్న ఒకాయన, చెత్తబుట్ట, వేలాడే వైరు. సగం అడుగు జరిగితే వీటిలో చాలావరకు ఆమె వెనక్కి దాక్కుంటాయి. బ్యాక్‌డ్రాప్‌కి ఆనుకుని నిలబడిన మోడల్‌ని ఎదురుగా కాక ఏటవాలుగా తీయండి. అప్పుడు వెనకాల గోడ బదులు హాలు పొడవునా దూరంగా లైట్లు గుండ్రంగా మసకగా వస్తాయి. ఖర్చు లేకుండా ఫొటోకి కాస్త ఖరీదైన కళ వచ్చేది ఇక్కడే.

బ్యానర్ మీద అక్షరాల విషయంలో ఒక పట్టింపు. కంపెనీ పేరు ఫ్రేమ్‌లోకి వస్తే పూర్తిగా రావాలి, లేకపోతే అసలు రాకూడదు. సగం తెగిన పేరు ఒక్కోసారి చదవకూడని మాటగా తయారవుతుంది. ఒక ఫొటోలో పేరు శుభ్రంగా పెట్టండి, స్టాల్ వాళ్ళకి అది కావాలి. మిగతావాటిలో ఆమె ముఖం చాలు.

నలుగురైదుగురు ఫొటోగ్రాఫర్లు గుమిగూడితే మధ్యలో చోటు కోసం తోసుకోకండి. పక్కన, వెలుగు బాగా పడే వైపు నిలబడి ఆమె చూపు వచ్చేదాకా ఆగండి. జపాన్‌లో ఏటా జనవరిలో చిబాలోని మకుహారి మెస్సేలో జరిగే టోక్యో ఆటో సెలూన్‌లో ఈ పద్ధతి బాగా కుదిరింది. మోడల్ ఎడమ నుంచి కుడికి నిదానంగా ఒక్కో వైపు చూపు ఇస్తూ వస్తుంది, ఫొటోగ్రాఫర్లు తమ వంతు వచ్చేదాకా ఆగుతారు. మన దగ్గర "మేడమ్ ఇటు, మేడమ్ ఇటు" అని అందరూ ఒకేసారి అరుస్తారు, ఎవరి ఫొటోలోనూ కళ్ళు సరిగా ఉండవు.

మోడల్‌తో ఎలా మాట్లాడాలి

ముందు కెమెరా కిందకి దించి, నవ్వి, "నమస్తే అండీ, రెండు ఫొటోలు తీసుకోవచ్చా?" అని అడగండి. హైదరాబాద్ ఈవెంట్లలో చాలామంది ముంబై, ఢిల్లీ వైపు నుంచి వస్తారు, తెలుగు తెలియకపోవచ్చు. "మేడమ్, ఏక్ లుక్ ఇధర్ ప్లీజ్" అంటే సరిపోతుంది. ఒద్దంటే "పర్లేదండీ" అని కదలడమే, ఎందుకని అడగకూడదు. తింటున్నప్పుడు, చెప్పు సర్దుకుంటున్నప్పుడు, మేకప్ చేయించుకుంటున్నప్పుడు అసలు కెమెరా ఎత్తకూడదు. ఎత్తు మడమల చెప్పులతో గంటల తరబడి నిలబడే ఉద్యోగం అది, రెండు నిమిషాలు కూర్చోవడం ఆమె హక్కు.

వరస ఒకటి పెట్టుకుంటే టైమ్ వృథా కాదు. ముందు ఫుల్ లెంగ్త్, తర్వాత మిడ్ షాట్, చివరికి క్లోజప్. మనిషి కెమెరాకి అలవాటుపడే కొద్దీ ముఖంలో బిగువు తగ్గుతుంది కాబట్టి క్లోజప్ చివర్లోనే బాగా వస్తుంది. వృత్తి మోడల్‌కి పోజు నేర్పాల్సిన పనిలేదు, ఆమెకి మీకన్నా బాగా తెలుసు. కొత్త అమ్మాయి అయితే చిన్న చిన్నవి చెప్పండి: బరువు వెనక కాలి మీద వేయమనండి, భుజం కాస్త తిప్పమనండి, గడ్డం కొంచెం ముందుకి తెచ్చి దించమనండి. చేతులకి ఏదో ఒక పని ఇవ్వండి. కొంగు పట్టుకోవడం, బుట్టని తాకడం, కారు తలుపు మీద చేయి వేయడం. అరచేతి వెనక భాగం కెమెరాకి ఎదురుగా ఉంటే చేయి వెడల్పుగా కనిపిస్తుంది, చిటికెన వేలి వైపు చూపిస్తే సన్నగా, అందంగా ఉంటుంది.

ముట్టుకోవడం మాత్రం లేదు. జుట్టు సరిచేయడానికైనా, పైట సర్దడానికైనా. "కొంగు మడత పడిందండీ" అని ఆమెకి గానీ, పక్కనున్న మేకప్ అమ్మాయికి గానీ చెప్పండి. రెండు నిమిషాల్లో ముగించి, వెనకున్న స్క్రీన్ మీద ఒక మంచి ఫొటో చూపించి, థ్యాంక్స్ చెప్పి పక్కకి తప్పుకోండి. ఫొటో చూపించడం ఎందుకంటే, బాగుందనిపిస్తే తిరిగొచ్చినప్పుడు ఆమే పలకరిస్తుంది.

చట్టం కూడా ఒకసారి తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఎవరూ చూడరన్న నమ్మకంతో ఉన్న స్త్రీని ఏకాంతంలో ఫొటో తీయడం 77వ సెక్షన్ కింద నేరం. స్టాల్ వెనక బట్టలు మార్చుకునే గది వైపు కెమెరా తిప్పకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఇష్టం లేదని తెలిసినా పదేపదే వెంటపడటం, సంప్రదించడం 78వ సెక్షన్ కిందకి వస్తుంది. ఎగ్జిబిషన్ అయ్యాక ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ మెసేజ్‌లు పెట్టేవాళ్ళు ఈ సెక్షన్ ఒకసారి చదువుకోవాలి.

ఫ్లాష్ వాడాలా

అలవాటయ్యేదాకా వద్దు. పెళ్ళి హాల్లో లాగా ఫ్లాష్‌ని పైకప్పుకి తిప్పి కొడదామంటే ఎగ్జిబిషన్ హాలు కప్పు మరీ ఎత్తు, చాలాచోట్ల ముదురు రంగు కూడా. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, వెళ్ళిన వెలుగు వెనక్కి రాదు, బ్యాటరీ మాత్రం ఖాళీ అవుతుంది.

అయినా నడినెత్తి లైటు తప్ప ఇంకేం లేని చోట కొంచెం ఫ్లాష్ ఉపయోగపడుతుంది, కళ్ళ కింద నీడ తీయడానికి. ముందు ఫ్లాష్ లేకుండా హాలు వెలుగుతో ఎక్స్‌పోజర్ సరిగ్గా పెట్టుకోండి. తర్వాత వెలుగుని మెత్తబరిచే చిన్న డిఫ్యూజర్ తగిలించి, పవర్‌ని ఒకటిన్నర, రెండు స్టాపులు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగం) తగ్గించి వేయండి. చూసేవాళ్ళకి ఫ్లాష్ వాడినట్టే తెలియకూడదు. స్టాల్ లైట్లు పసుపు అయితే ఫ్లాష్ మీద ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ రేకు) పెట్టండి, లేకపోతే ముఖం నీలంగా, వెనకాల అంతా పసుపుగా వస్తుంది. అపరిచితుల ముఖం మీద పదే పదే ఫ్లాష్ కొట్టడం చికాకు పని, అడిగి వాడండి.

పట్టుచీర, నగ, కారు

ఎరుపు పట్టుచీర ఎల్‌ఈడీ లైట్ల కింద కెమెరాని బాగా ఏడిపిస్తుంది. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) బాగానే ఉందంటుంది, కానీ ఎరుపు ఛానల్ ఒక్కటే మాడిపోయి, చీర మీద నేత అంతా పోయి ఎర్ర రంగు పూసినట్టు అవుతుంది. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గ్రాఫు కుడి అంచుకి తగులుతుంటే అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా తగ్గించి తీయండి. ముఖాన్ని తర్వాత కాస్త పైకి లేపుకోవచ్చు.

జరీ అంచు అద్దంలాంటిది. లైటు నేరుగా కొడితే తెల్లటి చార, ఏ మాత్రం తగలకపోతే బూడిద రంగు. మీరు మెల్లగా పక్కకి జరుగుతూ వ్యూఫైండర్‌లో చూస్తే ఒక చోట బంగారు రంగు పలుకుతుంది, అక్కడ ఆగండి. పోచంపల్లి ఇక్కత్ లాంటి సన్న డిజైన్ల మీద, ఎల్‌ఈడీ గోడల మీద అలలు అలలుగా విచిత్రమైన గీతలు వస్తే అది మోరే. దూరం కొంచెం మార్చండి, గోడ అయితే మోడల్‌ని దానికి దూరంగా రమ్మని అపెర్చర్ తెరిచి మసక చేయండి. చీర తీస్తుంటే కుచ్చిళ్ళు సమంగా ఉన్నాయా, కొంగు డిజైన్ కనిపిస్తోందా, బ్లౌజు చేయి అంచు తెగలేదా అన్నవి చూసుకోవాలి. చీర అమ్మేవాళ్ళు ముఖం కన్నా ముందు కుచ్చిళ్ళే చూస్తారు.

నగల దగ్గర ఎఫ్ 5.6కి వెళ్ళండి. హారం, బుట్టలు, పాపిటబిళ్ళ ఒకే లోతులో ఉండవు కాబట్టి ఆమె ముఖాన్ని దాదాపు నేరుగా తిప్పించాలి. వడ్డాణం చూపించాలంటే నడుము దగ్గర కట్ చేయకూడదు, తొడ మధ్య దాకా రానివ్వాలి. ఏ ఫ్రేమ్‌లోనైనా మోకాలు, మణికట్టు, చీలమండ దగ్గర కట్ చేస్తే అవయవం తెగినట్టు కనిపిస్తుంది.

కారు పక్కన మోడల్ అయితే, పాలిష్ చేసిన తలుపులో మీరే కనిపిస్తారు. ఎదురుగా కాక ముందు మూల నుంచి తీస్తే మీ ప్రతిబింబం తప్పుతుంది, కారు హెడ్‌లైట్ కూడా ఫ్రేమ్‌లోకి వస్తుంది. ఫార్ములా వన్ 2018లో గ్రిడ్ గర్ల్స్‌ని ఆపేసింది, ఆ తర్వాత కార్ల షోలలో కూడా ఈ చర్చ నడుస్తోంది. మనిషిని కారు మీద అలంకారంలా కాక, కారు గురించి చెబుతున్నట్టో, స్టీరింగ్ పట్టుకున్నట్టో తీస్తే ఫొటోకి ఒక అర్థం ఉంటుంది.

ఇంటికి వచ్చాక

రా ఫైల్‌లోనే (కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైల్‌లో) తీసి ఉండాలి. జేపెగ్‌లో కలిసిపోయిన రంగుల్ని విడదీయడం తలకి మించిన పని. ముందు ఎంపిక. కన్ను షార్ప్‌గా లేనివి, రెప్ప పడినవి, నోరు సగం తెరిచినవి వెంటనే తీసేయండి. ఒకే పోజులో మూడు బాగుంటే ఒకటే ఉంచండి. ఎంత కఠినంగా ఏరితే మీ పని అంత బాగా కనిపిస్తుంది.

గ్రే కార్డు ఫొటో మీద వైట్ బ్యాలెన్స్ తీసుకుని ఆ స్టాల్ ఫొటోలన్నిటికీ ఒకేసారి అతికించండి. తర్వాత ముఖం ఎక్స్‌పోజర్, తర్వాత నాయిస్. ముఖం పక్కన ఆకుపచ్చ ఛాయ మిగిలితే టింట్‌ని మెజెంటా వైపు కొంచెం జరపాలి. చర్మాన్ని నున్నగా చేసే స్లైడర్ దగ్గర చేయి ఆపుకోండి. ఆ రోజు వచ్చిన మొటిమ తీసేయవచ్చు, పుట్టుమచ్చ తీయకూడదు.

పంపడం, పోస్ట్ చేయడం

1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు సొంతంగా తీసిన ఫొటోకి హక్కుదారు మీరే. డబ్బిచ్చి తీయించుకున్నది అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించుకున్నవాళ్ళది. అందుకే స్టాల్ వాళ్ళు "మాకు తీసి పెట్టండి" అంటే, ఎన్ని ఫొటోలు, ఎక్కడ వాడతారు, మీరు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా అన్నవి వాట్సాప్‌లోనైనా రాసి ఉంచుకోండి. కాపీరైట్ మీది అయినంత మాత్రాన ఆమె ముఖాన్ని ప్రకటనలో వాడే హక్కు మీకు వచ్చినట్టు కాదు. దానికి ఆమె సంతకం చేసిన మోడల్ రిలీజ్ (ఫొటో వాడుకోవచ్చని ఇచ్చే అనుమతి పత్రం) ఉండాలి.

మోడల్‌కి పంపేటప్పుడు పది మంచివి చాలు, ముఖం మీద వాటర్‌మార్క్ లేకుండా, రెండు మూడు రోజుల్లోపే. ఆలస్యమయ్యే కొద్దీ ఆ ఫొటోలకి విలువ పోతుంది, ఎగ్జిబిషన్ అయిపోయాక స్టాల్ వాళ్ళకీ అక్కర్లేదు. నంబరు అడగడం కన్నా మీ కార్డు ఇచ్చి రావడం మర్యాద, కావాలనుకుంటే ఆమే మెసేజ్ పెడుతుంది. పోస్ట్ చేసేటప్పుడు ఆమె పేరు, మేకప్ చేసినవాళ్ళ పేరు, బట్టలు, నగలు ఎవరివో రాయండి. ఎప్పుడైనా ఆమె ఆ ఫొటో తీసేయమంటే తీసేసి, తీసేశానని ఒక్క మెసేజ్ పెట్టండి.